నింద గుమాస్తాకు, విముక్తి యాజమాన్యానికా?

కార్యాలయ కంప్యూటర్ నెట్‌వర్క్ భద్రత: మన వైఖరి, మన కర్తవ్యం

కార్యాలయంలో కంప్యూటర్లు స్తంభించిన ప్రతిసారీ, ఖాతాల నుండి సొమ్ము మాయమైన ప్రతిసారీ యాజమాన్యాల నోట వెలువడే తొలిమాట ఒక్కటే: "సిబ్బంది అజాగ్రత్త." ఎవరో ఒక గుమాస్తా తెరవరాని ఈ-మెయిల్‌ను తెరిచాడట. ఎవరో ఒక ఆపరేటరు పాస్‌వర్డును కాగితంపై వ్రాసుకున్నదట. వెంటనే ఛార్జిషీటు, సస్పెన్షను, విచారణ! ఆ గుమాస్తా ముందున్న యంత్రాన్ని కొన్నది ఎవరు? దానిని మిగిలిన యంత్రాలతో కలిపినది ఎవరు? మధ్య అడ్డుగోడ కట్టకుండా వదిలినది ఎవరు? ఈ ప్రశ్నలు మాత్రం విచారణాధికారి బల్లపైకి రావు.

ఈ విషయంలో కార్మికోద్యమం వైఖరి స్పష్టంగా ఉండాలి. నెట్‌వర్క్ భద్రతకు బాధ్యత వహించవలసినది దానిని నెలకొల్పిన సంస్థ. ఈ సూత్రం మనకు కొత్త కాదు. తిరిగే యంత్రంలో కార్మికుని చేయి పడి నలిగితే "జాగ్రత్తగా ఉండవలసింది" అని తప్పుకునే యజమానులతో కార్మికవర్గం దశాబ్దాల పాటు పోరాడినది. యంత్రానికి కంచె వేయవలసినది యాజమాన్యమేనని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షనులో వ్రాయబడినది. ఆ చట్టం స్థానంలో నేడు కార్మిక కోడ్ వచ్చినది. కాని ఆ సూత్రాన్ని వదులుకునే ప్రసక్తి లేదు. కార్యాలయంలోని కంప్యూటర్ నెట్‌వర్క్ కూడ ఒక యంత్రమే. దానికీ కంచె కావాలి. కంచె వేయనివాడే దోషి.

ఈ మాటను యాజమాన్యాల ముఖం మీద చెప్పే నైతిక హక్కు మనకు ఉండాలంటే, మన యూనియన్ కార్యాలయాలలో ముందు ఆ కంచె ఉండాలి. ఈ రెండు విషయాలూ విడదీయరానివి.

ఢాకా చెప్పిన పాఠం

2016 ఫిబ్రవరి 4 రాత్రి బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు పేరిట న్యూయార్కు ఫెడరల్ రిజర్వు బ్యాంకుకు దొంగ ఉత్తరువులు వెళ్ళినవి. దాదాపు 95 కోట్ల డాలర్లను బదిలీ చేయమని వాటి సారాంశం. అందులో 8 కోట్ల 10 లక్షల డాలర్లు ఫిలిప్పీన్స్‌కు చేరి, జూదగృహాల గుండా మాయమైనవి. మరునాడు విధులకు వచ్చిన సిబ్బందికి కనిపించినది పనిచేయని ఒక ప్రింటరు మాత్రమే. ప్రింటరు మొరాయించడం ఏ కార్యాలయంలోనైనా మామూలే గదా అని వారు అనుకున్నారు. దొంగలు ముందుగానే ఆ ప్రింటరు నోరు నొక్కివేశారని తర్వాత గాని తెలియలేదు.

ఈ దోపిడికి తలుపు ఎక్కడ తెరచి ఉన్నది? దర్యాప్తు జరిపిన బంగ్లాదేశ్ పోలీసు అధికారి 2016 ఏప్రిల్‌లో రాయిటర్స్ వార్తాసంస్థకు చెప్పిన సంగతి ప్రతి కార్యాలయంలోను గోడమీద వ్రాసి ఉంచదగినది. ఆ బ్యాంకులో ఫైర్‌వాల్ లేదు. అంతర్జాతీయ చెల్లింపులు జరిపే యంత్రాలను కలిపినవి పది డాలర్ల ఖరీదు చేసే పాత స్విచ్‌లు. స్విచ్ అంటే ఇక్కడ దీపం వెలిగించే మీట కాదు. కార్యాలయంలోని కంప్యూటర్ల తీగలన్నింటిని ఒకచోట కలిపే పెట్టె. కొంచెం ఎక్కువ ఖరీదైన స్విచ్ అయితే ఏ యంత్రం ఏ యంత్రంతో మాట్లాడవచ్చునో విభజించి అదుపు చేస్తుంది. చౌకబారు స్విచ్ అందరినీ అందరితో కలిపివేస్తుంది. ఒక దేశపు విదేశీ మారక నిధిని కాపాడవలసినచోట మిగిల్చిన సొమ్ము ఎంత? కొన్ని వందల డాలర్లు!

ఆ తర్వాత పైవారు ఏమి చేశారు? చెల్లింపుల వ్యవస్థను నడిపే స్విఫ్ట్ సంస్థ సాంకేతిక నిపుణులు లోపాలు వదిలివెళ్ళారని బంగ్లాదేశ్ పోలీసులు అన్నారు. స్విఫ్ట్ ఆ ఆరోపణను తోసిపుచ్చినది. బంతి ఒకరి అంగణం నుండి మరొకరి అంగణానికి దొర్లినది. కాని మరొక్క సంగతి గమనార్హం. శ్రీలంకకు వెళ్ళవలసిన 2 కోట్ల డాలర్లు ఆగిపోయినవి. ఎవరు ఆపారు? సొమ్ము చేరవలసిన సంస్థ పేరులో "ఫౌండేషన్" అనే మాట వర్ణక్రమం తప్పి ఉన్నదని మధ్యవర్తి బ్యాంకులో ఎవరో గమనించి, ఇదేమని ప్రశ్నించారు. యంత్రాలన్నీ తల ఊపిన చోట పని తెలిసిన ఒక ఉద్యోగి కన్ను ఆ సొమ్మును కాపాడినది. "సిబ్బందే బలహీనమైన లంకె" అని ఉపన్యాసాలిచ్చే పెద్దలు దీనికేమి సమాధానం చెబుతారు?

హైదరాబాదు, ఢిల్లీ కూడ చెప్పినది ఇదే

ఢాకా దూరమనుకునేవారు హైదరాబాదును చూడవచ్చు. 2022 జనవరిలో ఏ.పి. మహేష్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు కంప్యూటర్లలోకి చొరబడిన దొంగలు 12 కోట్ల రూపాయలకు పైగా తరలించుకుపోయారు. నగర పోలీసులు వెల్లడించిన ప్రకారం, అంతకు ముందు 2021 నవంబరులో ఆ బ్యాంకు సిబ్బందిలో రెండు వందల మందికి పైగా మోసపు ఈ-మెయిళ్ళు వచ్చినవి. వాటిని తెరచినవారు ఇద్దరు.

రెండు వందల మందిలో ఇద్దరు! అంటే నూటికి తొంభైతొమ్మిది మంది జాగ్రత్తగానే ఉన్నారు. ఏ మానవ సమూహం నుండైనా ఇంతకు మించి ఏమి ఆశించగలం? రెండు వందల మందిలో ఇద్దరు పొరబడితే కూలిపోయే కట్టడాన్ని కట్టినవాడిని వదలి, ఆ ఇద్దరిని బోనులో నిలబెట్టడం న్యాయమా? పోలీసులు సైతం బ్యాంకు యాజమాన్యం తగిన రక్షణ ఏర్పాట్లు చేయలేదని తప్పుపట్టారు. సైబర్ భద్రతకు సంబంధించిన ఆదేశాలను పాటించనందుకు 2023లో రిజర్వు బ్యాంకు ఆ సంస్థకు 65 లక్షల రూపాయల జరిమానా విధించినది. అంటే కంచె వేయవలసినది ఎవరో రిజర్వు బ్యాంకుకు తెలుసు. తెలియనట్లు నటించేది యాజమాన్యాలే.

2022 నవంబరు 23న ఢిల్లీలోని అఖిలభారత వైద్య విజ్ఞాన సంస్థ సర్వర్లు మూగబోయినవి. రోగుల నమోదు, పరీక్షల ఫలితాలు, బిల్లులు అన్నీ ఆగినవి. ఆ దినాలలో ఆసుపత్రిని నడిపినది ఎవరు? కాగితం, కలం పట్టుకుని రాత్రింబవళ్ళు శ్రమించిన నర్సులు, గుమాస్తాలు, డాక్టర్లు. తొలి వేటు ఎవరిమీద పడినది? ఇద్దరు సిస్టం అనలిస్టులను సస్పెండు చేసినట్లు పత్రికలు వ్రాసినవి. తరువాత ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పిన సమాధానం ఏమిటి? అయిదు సర్వర్లు దెబ్బతిన్నవి, దాదాపు 1.3 టెరాబైట్ల సమాచారం తాళం వేయబడినది, నెట్‌వర్కును సరిగా విభజించకపోవడం వలన ఇది జరిగినది అని! ఆ ఇద్దరి వ్యక్తిగత తప్పొప్పులను తేల్చడం మన పని కాదు. కాని దేశంలోని పెద్ద ఆసుపత్రులలో ఒకటైన ఆ సంస్థలో నెట్‌వర్కును ఏ విధంగా విభజించాలో, దానికి ఎంత ఖర్చు చేయాలో ఇద్దరు అనలిస్టులు నిర్ణయించగలరా? నిధులు మంజూరు చేసేవారు, టెండర్లు ఖరారు చేసేవారు ఎక్కడ ఉన్నారు?

విభజన వలె మరమ్మతు కూడ పైవారి చేతిలోని పనే. 2017 మే 12న వాన్నాక్రై అనే వైరస్ ప్రపంచాన్ని చుట్టుముట్టినది. అది చొరబడిన రంధ్రాన్ని మూసే మరమ్మతును మైక్రోసాఫ్ట్ సంస్థ అంతకు దాదాపు రెండు నెలల ముందే, మార్చి 14న విడుదల చేసి ఉన్నది. ఇంగ్లండులోని ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థలో 236 ట్రస్టులకు గాను కనీసం 81 దెబ్బతిన్నవని అక్కడి జాతీయ ఆడిట్ కార్యాలయం తేల్చినది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడ ఆ దాడికి గురయినవి. ఏ కార్యాలయంలోనూ మరమ్మతు ఎప్పుడు పెట్టాలో, కాలం చెల్లిన యంత్రాన్ని ఎప్పుడు మార్చాలో గుమాస్తా నిర్ణయించడు. అయినా వేలు మాత్రం అతని వైపే చూపబడుతుంది.

భద్రత వేరు, నిఘా వేరు

తమ బాధ్యత బయటపడినప్పుడు యాజమాన్యాలు మరొక ఎత్తు వేస్తున్నవి. "సరే, భద్రత పెంచుతాం" అంటూ ఉద్యోగి తెరను గంటగంటకు ఫోటో తీసే సాఫ్ట్‌వేరు, ప్రతి మీట నొక్కుడును లెక్కించే సాఫ్ట్‌వేరు, బల్ల ఎదుట కెమెరా తెచ్చిపెడుతున్నవి. స్విచ్ మార్చడానికి లేని నిధులు కెమెరాలకు ఎక్కడ నుండి వచ్చినవి? బయటి దొంగను ఆపే ఏర్పాటు భద్రత. లోపలి శ్రామికుని కావలి కాసే ఏర్పాటు నిఘా. ఏ యంత్రం ఏ సమయంలో నెట్‌వర్కులోకి వచ్చినదో నమోదు చేయడం అవసరం. కాని మధ్యాహ్నం టీ త్రాగడానికి ఎన్ని నిమిషాలు లేచినదో లెక్కగట్టడం భద్రత పేరిట సాగే బూటకం. ఈ రెండింటిని కలగాపులగం చేసే ప్రతి సర్క్యులరునూ మనం ఎండగట్టాలి.

"మీరు కంప్యూటర్లనే వ్యతిరేకించినవారు గదా, ఇప్పుడు వాటి భద్రత గురించి మాట్లాడతారా?" అని ఎగతాళి చేసేవారు ఉన్నారు. 1960లలో కలకత్తాలోని ఇలాకో హౌస్ వద్ద కంప్యూటరు రాకను అడ్డుకుంటూ కావలి కాసిన జీవిత బీమా ఉద్యోగులను గాని, 1983లో బ్యాంకులలో యంత్రీకరణపై యాజమాన్యాలతో ఒప్పందం కుదుర్చుకున్న బ్యాంకు సంఘాలను గాని వారు చదువుకోలేదు. ఆనాడు మనం అడిగిన ప్రశ్న ఏమిటి? ఈ యంత్రం ఎవరి నిర్ణయంతో వస్తున్నది, దాని భారం ఎవరిపై పడుతుంది అని. నేడు అడుగుతున్నదీ అదే ప్రశ్న. ఆనాడు భారం ఉద్యోగాలపై పడినది. నేడు నింద రూపంలో ఉద్యోగి తలపై పడుతున్నది.

మన ఇంటి సంగతి ఏమిటి?

ఇక అద్దం మన వైపు తిప్పుకుందాం. యూనియన్ కార్యాలయాలలో నేడు సర్వసాధారణంగా కనిపించే దృశ్యం ఏమిటి? మూడు నాలుగు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, టెలిఫోను కంపెనీవారు పెట్టిపోయిన రౌటరు. ఆ రౌటరు అడుగున అంటించిన కాగితం మీద ఫ్యాక్టరీవారు ఇచ్చిన పాస్‌వర్డు అలాగే ఉన్నది. వైఫై పాస్‌వర్డు గోడమీద ఉన్నది. సభకు వచ్చిన ప్రతివారి ఫోనులోను ఉన్నది. చందాల లెక్క ఏ యంత్రంలో ఉన్నదో, ఆ యంత్రంలోనే ఎవరి మనుమడో ఆదివారం ఆటలు ఆడుకుంటున్నాడు. సభ్యత్వ జాబితా ఒకరి సొంత ఈ-మెయిల్‌లో ఉన్నది. అంతటినీ అమర్చిన కుర్రవాడు ఉద్యోగం దొరికి వేరే ఊరు వెళ్ళాడు. పాస్‌వర్డు అతనికి మాత్రమే తెలుసు.

యూనియన్ సభ్యత్వ జాబితా అంటే ఏమిటో కొత్తగా చెప్పనక్కరలేదు. అది శత్రువు చేతిలో పడితే ఏమవుతుందో 2009లో బ్రిటన్ చూపినది. అక్కడి సమాచార కమిషనర్ కార్యాలయంవారు కన్సల్టింగ్ అసోసియేషన్ అనే రహస్య సంస్థపై దాడి చేయగా 3,213 మంది నిర్మాణ కార్మికుల పేర్లతో బ్లాక్‌లిస్టు బయటపడినది. నలభైకి పైగా నిర్మాణ కంపెనీలు డబ్బు చెల్లించి ఆ జాబితాను వాడుకున్నవి. యూనియన్‌లో పనిచేసినందుకు, భద్రతా లోపాలపై ఫిర్యాదు చేసినందుకు కార్మికులు ఏళ్ళ తరబడి పనికి దూరమైనారు. ఆ బ్లాక్‌లిస్టు ఉన్నది అట్ట కార్డులపై. అట్ట కార్డులతోనే అంత ఘోరం జరిగితే, ఒక్క పెన్‌డ్రైవులో పదివేల పేర్లు పట్టే ఈ రోజులలో ఎంత జరుగవచ్చును?

నేడు ఆ జాబితా విలువ మరింత పెరిగినది. 2025 నవంబరు 21 నుండి అమలులోకి తెచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, ఒక సంస్థలో ఒకటికి మించి యూనియన్లు ఉంటే, మస్టరు రోలులోని కార్మికులలో కనీసం 51 శాతం మంది మద్దతు ఉన్న యూనియనే ఏకైక చర్చల యూనియన్. ఆ కోడ్‌పై మన పోరాటం వేరే సాగుతున్నది. కాని అది అమలులో ఉన్నంత కాలం ప్రతి సభ్యుని పేరూ లెక్కకు వస్తుంది. లెక్కింపుకు వారం ముందు ఆ జాబితా తాళం పడిపోతే? లేదా ఎవరు మనతో ఉన్నారో, ఎవరు ఊగిసలాడుతున్నారో మేనేజరు బల్లపైకి చేరితే? అది సాంకేతిక సమస్య కాదు, సంఘం ప్రాణానికి సంబంధించిన సమస్య. పైగా 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2025 నవంబరులో ప్రకటించిన నిబంధనలతో దశలవారీగా అమలులోకి వస్తున్నది. ఇతరుల వివరాలను కంప్యూటరులో ఉంచేవారు వాటిని కాపాడి తీరాలని ఆ చట్టం శాసిస్తున్నది.

కుంటి సాకులు వద్దు

"మనవద్ద దాచవలసినది ఏమున్నది? మనది బహిరంగ ఉద్యమం" అని కొందరు పెద్దలు అంటారు. ఉద్యమం బహిరంగమే. కాని సభ్యుని ఫోను నంబరు, ఆధార్ ప్రతి, ఇంటి చిరునామా, ఫిర్యాదు చేసిన మహిళా ఉద్యోగిని పేరు బహిరంగం కావు. అవి వారు మనలను నమ్మి ఇచ్చినవి.

"డబ్బు ఏది?" అని మరికొందరు అంటారు. ముఖ్యమైన పనులలో చాలావాటికి పైసా ఖర్చు లేదు. రౌటరు పాస్‌వర్డు మార్చడానికి ఖర్చు ఏమిటి? మరమ్మతులు పెట్టుకోవడానికి ఖర్చు ఏమిటి? ఒక మంచి స్విచ్, రెండు హార్డ్‌డిస్కుల ధర ఒక జిల్లా మహాసభ తోరణాల ఖర్చును మించదు.

"అంతా క్లౌడ్‌లో ఉన్నది, మనకేల చింత?" అనేవారు కూడ ఉన్నారు. క్లౌడ్ అనేది ఆకాశంలోని మేఘం కాదు. మరొకరి భవనంలోని కంప్యూటరు. దాని తాళంచెవి మన పాస్‌వర్డే. అది ఎవరికి చిక్కితే వారికి మన సర్వస్వమూ చిక్కుతుంది.

"ఆ కుర్రవాడే చూసుకుంటాడు" అనే సాకు అన్నిటికంటే ప్రమాదకరమైనది. యాజమాన్యం చేసే తప్పును మనమే చేస్తున్నామని అది ఒప్పుకోవడమే. రేపు ఏదైనా జరిగితే మనమూ ఆ కుర్రవాడినే నిందిస్తాము గదా!

కనీస కార్యక్రమం

మూడు కంప్యూటర్లు ఉన్న శాఖా కార్యాలయం మొదలు ముప్పై ఉన్న రాష్ట్ర కార్యాలయం వరకు ఈ క్రింది పనులు జరిగి తీరాలి.

1. తీర్మానం. భద్రతను కార్యవర్గ సమావేశంలో చర్చించి, బాధ్యులుగా ఇద్దరిని ఎన్నుకుని మినిట్సులో వ్రాయాలి. ఒక్కరు చాలరు, ఒకరు లేనప్పుడు రెండవవారు ఉండాలి. ఏయే యంత్రాలు ఉన్నవి, వాటిలో ఏమున్నది, ఎవరు వాడుతున్నారు అనే పట్టిక తయారు కావాలి. ఏమున్నదో తెలియనివాడు దేనిని కాపాడగలడు?

2. రౌటరు. ఇది కార్యాలయానికి సింహద్వారం. ఫ్యాక్టరీ పాస్‌వర్డును మొదటి రోజే మార్చాలి. బయటి నుండి రౌటరును సరిదిద్దే సదుపాయాన్ని మూసివేయాలి. దాని సాఫ్ట్‌వేరును తాజాగా ఉంచాలి. కొత్త పాస్‌వర్డును ముద్ర వేసిన కవరులో కోశాధికారి బీరువాలో భద్రపరచాలి.

3. తీగలు, స్విచ్. కదలని యంత్రాలను తీగతో కలపడం మేలు. ఒక్కొక్క తీగ 100 మీటర్లు మించరాదు. స్విచ్‌ను, రౌటరును వచ్చేపోయేవారి చేతికి అందని చోట, తాళం వేసిన పెట్టెలో ఉంచాలి. కరెంటు పోయినా యంత్రాలు అర్ధంతరంగా ఆగిపోకుండా యూపీఎస్ ఉండాలి.

4. విభజన. ఢాకాలోను, ఢిల్లీలోను లేనిది ఇదే. సభ్యత్వ జాబితా, లెక్కలు ఉన్న యంత్రాలు ఒక భాగం; మిగిలిన కార్యాలయ యంత్రాలు ఒక భాగం; అతిథుల ఫోన్లు, సీసీ కెమెరాలు మరొక భాగం. ఇందుకు విభజించగల స్విచ్ కావాలి. అది కొనే వరకు కనీసం అతిథుల వైఫైని వేరుచేయాలి. నేటి రౌటర్లలో అనేకం ఆ సదుపాయంతోనే వస్తున్నవి. కెమెరాలను తేలికగా తీసుకోరాదు. 2016లో మిరాయ్ అనే వైరస్ ఫ్యాక్టరీ పాస్‌వర్డులు మార్చని కెమెరాలను, రౌటర్లను లక్షల సంఖ్యలో చెరబట్టి, అక్టోబరు 21న అమెరికాలో ఇంటర్నెట్ సేవలను స్తంభింపజేసినది.

5. వైఫై. డబ్ల్యూపీఏ-2 లేదా డబ్ల్యూపీఏ-3 రక్షణ ఉండాలి. అంతకంటె పాతవి పనికిరావు. పాస్‌వర్డు పొడుగ్గా ఉండాలి. యూనియన్ పేరు, ఆవిర్భావ సంవత్సరం కలిపితే శత్రువు మొదట ఊహించేది అదే.

6. ఎవరి ప్రవేశం వారికి. ప్రతి ఉద్యోగికి వేరువేరు లాగిన్ ఉండాలి. దినవారీ పనికి సాధారణ లాగిన్ చాలు. యంత్రాన్ని మార్చే సర్వాధికారపు లాగిన్ బాధ్యుల వద్దనే ఉండాలి. అలా ఉంటే ఒకరు పొరపాటున చెడు ఈ-మెయిల్ తెరిచినా నష్టం చాలావరకు ఒక గదిలోనే ఆగుతుంది. ఈ-మెయిల్‌కు, బ్యాంకు ఖాతాకు పాస్‌వర్డుతో పాటు రెండవ ధ్రువీకరణ ఉండాలి. పని మానినవారి లాగిన్‌ను ఆ రోజే రద్దు చేయాలి. ఇది అవమానం కాదు. పదవి దిగినవారు సీలు అప్పగించడం వంటిది.

7. మరమ్మతులు. ఆపరేటింగ్ సిస్టం మరమ్మతులు తమంతట తామే వచ్చేటట్లు అమర్చాలి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో సాధారణ మద్దతును ముగించినది. క్రొత్త విండోస్‌ను మోయలేని పాత యంత్రాలను పారవేయనక్కరలేదు. ఉచితమైన లినక్స్‌తో వాటిలో అనేకం ఇంకా పనిచేస్తవి. దొంగ ప్రతుల సాఫ్ట్‌వేరు వాడరాదు. దానితో దొంగ కూడ లోపలికి వస్తాడు.

8. నకళ్ళు. ముఖ్యమైన సమాచారానికి మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలపై, ఒకటి వేరే భవనంలో ఉండాలి. ఒక ప్రతి నెట్‌వర్కుకు తగిలించకుండా విడిగా ఉండాలి. తగిలించి ఉన్నదానిని అసలుతో పాటే దొంగ తాళం వేస్తాడు. మూడు నెలలకు ఒకసారి నకలు నుండి జాబితాను తిరిగి తెరచి చూడాలి. తెరచి చూడని నకలును నమ్మరాదు.

9. అవసరానికి మించి కూడబెట్టవద్దు. ఎప్పుడో సేకరించిన ఆధార్ ప్రతులు, పనికిరాని పాత జాబితాలు చెరిపివేయాలి. మనవద్ద లేనిది ఎవరూ దొంగిలించలేరు.

10. దాడి జరిగితే. వెంటనే ఆ యంత్రపు నెట్‌వర్క్ తీగను లాగివేయాలి, వైఫై ఆపాలి. సాక్ష్యాన్ని చెరపరాదు. మరొక సురక్షితమైన యంత్రం నుండి పాస్‌వర్డులు మార్చాలి. సొమ్ము పోతే బ్యాంకుకు, 1930 నంబరుకు తక్షణమే ఫోను చేయాలి. సభ్యుల వివరాలు పోతే సభ్యులకు నిజం చెప్పాలి.

11. చెప్పినవారికి రక్షణ. ఇది చివర వ్రాసినా అన్నిటికీ ప్రాణం. "నేను పొరపాటున ఏదో తెరిచాను" అని వెంటనే వచ్చి చెప్పిన ఉద్యోగిని దండించరాదు. దండిస్తే రేపు ఎవరూ చెప్పరు. చెప్పకుండా గడచిన ప్రతి గంటా దొంగదే.

కోర్కెల పత్రంలోకి ఎక్కించండి

ఇదే పదకొండవ సూత్రాన్ని యాజమాన్యాల ముందు కోర్కెగా ఉంచాలి. నెట్‌వర్కును విభజించినారా, మరమ్మతులు పెట్టినారా, నకళ్ళు ఉన్నవా, శిక్షణ పని వేళలలో జీతంతో ఇచ్చినారా అన్నది లిఖితపూర్వకంగా నిరూపించకుండా ఏ ఉద్యోగిపైనా సైబర్ దాడి విషయమై ఛార్జిషీటు ఇవ్వరాదని ఒప్పందాలలో వ్రాయించాలి. విచారణలలో ఉద్యోగి తరఫున నిలబడే ప్రతినిధులు మొదట అడగవలసినవి మూడు పత్రాలు: నెట్‌వర్క్ పటం, మరమ్మతుల రిజిస్టరు, గత మూడేళ్ళ భద్రతా వ్యయం. ఆ మూడూ చూపలేని యాజమాన్యం తానే దోషినని ఒప్పుకున్నట్లే. కాంట్రాక్టు పద్ధతిపై చాలీచాలని జీతంతో పనిచేస్తున్న కంప్యూటరు సిబ్బందిని కూడ మన సంఘాలలోకి తీసుకోవాలి. సింహద్వారపు తాళంచెవి పట్టుకున్న కార్మికునికి రేపటి ఉద్యోగానికే భరోసా లేకపోతే, ఆ ద్వారానికి భరోసా ఎక్కడిది?

కార్మిక సోదర సోదరీమణులారా! వచ్చే కార్యవర్గ సమావేశపు ఎజెండాలో ఈ అంశం ఉండాలి. ముందు మన కార్యాలయంలో కంచె వేద్దాం. అటుపిమ్మట యాజమాన్యం వద్దకు వెళ్ళి, "మా కంచె ఇదిగో, మీది ఏది?" అని నిలదీద్దాం. గుమాస్తాను బలిపశువును చేసి తప్పుకునే రోజులకు స్వస్తి పలికిద్దాం.